గడ్డి ప్రాజెక్టుకు ఢిల్లీ డబ్బు: చివరి పుట నుంచి మొదలుపెట్టండి

జీవ ఇంధనాల మీద పరిశోధన చేస్తానంటూ ప్రతిపాదన పట్టుకొని వచ్చేవారిని నేను కూర్చోబెట్టి ముందుగా అడిగేది ఒకటే: "బడ్జెట్ పుట తీయండి." సారాంశం జోలికి పోను. ముడి చమురు దిగుమతి ఎంత భారమో, పొలాల్లో గడ్డి తగలబెడితే ఎంత పొగో మొదటి నాలుగు పుటల్లో అందరూ ఒకేలా రాస్తారు. బడ్జెట్ పుట దగ్గరికి వచ్చేసరికి ఎవరి సంగతి వారిది బయటపడుతుంది. గడ్డి మోపు ఎత్తి చూసినవారెవరో, ఫోటోలో చూసినవారెవరో అక్కడ దాగదు.

నేను శాస్త్రవేత్తను కాను. కోస్తాలో ఒక విశ్వవిద్యాలయం ప్రాజెక్టుల విభాగంలో ఫైళ్లు చూసి రిటైరయ్యాను. మంజూరు ఉత్తర్వులు, వినియోగ ధ్రువపత్రాలు, ఆడిట్ అభ్యంతరాలు, ఇవే నేను చదివిన సాహిత్యం. ఇప్పటికీ కుర్ర అధ్యాపకులు ఇంటికి వస్తుంటారు. వారికి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను: జీవశక్తికీ, జీవ ఉత్పత్తులకూ కేంద్రం ఇచ్చే పరిశోధన డబ్బును ఎలా అడగాలి, వచ్చాక ఎలా నిలుపుకోవాలి.

మీ పని ఏ మెట్టు మీద ఉంది?

ఢిల్లీలో ఈ డబ్బు ఒకే పెట్టెలో ఉండదు. మంచి ఆలోచనలు తిరస్కరణకు గురయ్యేది ఎక్కువగా తప్పు తలుపు తట్టడం వల్లనే. ఒక సాంకేతికత ఎంతవరకు పక్వానికి వచ్చిందో చెప్పడానికి 1 నుంచి 9 దాకా మెట్లు పెట్టుకున్నారు. టీఆర్ఎల్ అంటారు. బీకరులో ఎంజైమ్ పనిచేస్తున్నదని గమనించడం కింది మెట్టు. కర్మాగారం నడిచి సరుకు అమ్ముడుపోవడం పై మెట్టు. మీరు ఎక్కడ ఉన్నారో నిజాయితీగా ఒక వాక్యంలో రాసుకోండి. ఆ వాక్యం తర్వాత తలుపు దానంతటదే కనబడుతుంది.

కింది మెట్ల మీద ఉన్నవారికి పాత దారి జీవసాంకేతిక విభాగం, అందరూ పిలిచే పేరు డీబీటీ. 1986లో ఏర్పడింది. ఏ అంశాల మీద ప్రతిపాదనలు కావాలో అప్పుడప్పుడు పిలుపు ఇస్తుంది. ఈ-ప్రోమిస్ అనే పోర్టల్‌లో దాఖలు చేయాలి. ముంబయిలో రసాయన సాంకేతిక సంస్థతోనూ, ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్‌తోనూ, ఢిల్లీలో ఐసీజీఈబీ అనే అంతర్జాతీయ జన్యు పరిశోధన కేంద్రంతోనూ కలిసి జీవశక్తి కేంద్రాలు పెట్టింది కూడా ఈ విభాగమే. మీ ప్రతిపాదన చదివే నిపుణులలో ఆ కేంద్రాల వారు ఉండవచ్చు. కాబట్టి వారు ఇప్పటికే చేసిన పనిని మీరు కొత్తగా కనిపెట్టినట్టు రాయకండి. వారి ప్రచురణలు ముందే చదవండి.

ఎంజైమ్ అలా ఎందుకు ప్రవర్తిస్తున్నది అనే మౌలిక ప్రశ్న మీదైతే అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్, అంటే ఏఎన్ఆర్ఎఫ్ చూడండి. 2023 చట్టంతో వచ్చింది. అంతకుముందు ఇలాంటి గ్రాంట్లు ఇచ్చిన సెర్బ్ అనే మండలి ఇందులో కలిసిపోయింది. ఉద్యోగంలో కొత్తగా చేరిన అధ్యాపకులకు ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు అని వేరే పథకం ఉంది. సెర్బ్ పేరుతో ఉన్న పాత నమూనా పత్రం నింపి పంపేవారిని ఇప్పటికీ చూస్తున్నాను. దయచేసి వద్దు.

ప్రయోగశాల దాటి ఒక నమూనా యంత్రమో, ఒక కిలో సరుకో చేసి చూపించాలనుకుంటే బైరాక్. 2012లో డీబీటీ నెలకొల్పిన లాభాపేక్ష లేని ప్రభుత్వ సంస్థ ఇది. దీని బిగ్ పథకం కింద 18 నెలలకు 50 లక్షల రూపాయల దాకా గ్రాంటు వస్తుంది, వాటా అడగరు. సాధారణంగా జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి దరఖాస్తులు తీసుకుంటారు. వ్యక్తిగా కూడా దరఖాస్తు పెట్టవచ్చు, కానీ కొత్త సంస్థలకు చోటు, పరికరాలు ఇచ్చే ఏదైనా ఇంక్యుబేటర్‌లో స్థానం ఉండాలి. కంపెనీ అయితే 51 శాతం వాటా భారతీయులది కావాలి. హైదరాబాదు శివార్లలో జీనోమ్ వ్యాలీలోని ఐకేపీ నాలెడ్జ్ పార్కు ఈ పథకానికి భాగస్వామి. తిరుపతిలో శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలోనూ, హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ బైరాక్ సాయంతో నడిచే బయోనెస్ట్ ఇంక్యుబేటర్లు ఉన్నాయి. పోర్టల్ ముందు కూర్చోవడానికి నెలల ముందే ఒకసారి స్వయంగా వెళ్లి అక్కడివారితో మాట్లాడండి. అంతకంటే చిన్న మెట్టు మీద ఉంటే, కేవలం ఒక నమూనాకే అయితే, కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, అంటే డీఎస్‌టీ వారి నిధి-ప్రయాస్‌లో 10 లక్షల దాకా దొరుకుతుంది.

గ్యాసు, గుళికలు, బ్రికెట్లు వంటి శక్తి వైపు పని అయితే పునరుత్పాదక శక్తి మంత్రిత్వ శాఖ. దీని పరిశోధన, సాంకేతికాభివృద్ధి కార్యక్రమానికి 2021-22 నుంచి 2025-26 వరకు 228 కోట్లు కేటాయించారు. ప్రభుత్వ, లాభాపేక్ష లేని పరిశోధన సంస్థలకు నూరు శాతం వరకు, పరిశ్రమలకూ స్టార్టప్‌లకూ ప్రైవేటు సంస్థలకూ 50 నుంచి 70 శాతం వరకు ఇచ్చేలా నిబంధన. మిగతా శాతం ఎక్కడ నుంచి వస్తుందో రాయకపోతే మీ ఫైలు అక్కడే ఆగుతుంది. ఐదేళ్ల గడువులు మారినప్పుడల్లా మార్గదర్శకాలూ మారతాయి కాబట్టి దాఖలు చేసే నాటి ప్రకటననే ముందు పెట్టుకోండి.

అందరికంటే పై మెట్టు పెట్రోలియం శాఖ వారి ప్రధానమంత్రి జీ-వన్ యోజన. 2019లో 1,969.50 కోట్లతో మొదలై, 2024లో 2028-29 వరకు పొడిగింపు పొందింది. వాణిజ్య స్థాయి ప్లాంటుకు 150 కోట్లు, ప్రదర్శన స్థాయి ప్లాంటుకు 15 కోట్లు గరిష్ఠ సాయం. ఇది కళాశాల ప్రయోగశాలకు సంబంధించినది కాదు. అయినా చదవండి. మీ పని ఏదో ఒక రోజు అక్కడికి చేరాలి కదా. ఆ పథకం ఏ ప్రమాణాలు అడుగుతుందో ముందే తెలిస్తే ప్రయోగశాలలో ఏమి కొలవాలో తెలుస్తుంది.

ఇక జాతీయ జీవశక్తి కార్యక్రమం అనేది పరిశోధన గ్రాంటు కాదు, ప్లాంటు కట్టేవారికి ఇచ్చే సాయం. రోజుకు 4,800 కిలోల బయో సీఎన్‌జీ తీసే కొత్త ప్లాంటుకు 4 కోట్ల లెక్కన ఇచ్చే పథకం అందులోనిదే. దీన్నీ పరిశోధన గ్రాంటునూ కలిపేసి "గవర్నమెంటు కోట్లు ఇస్తున్నది సార్" అంటూ వస్తారు. కోట్లు ఇస్తున్నది, మీకు కాదు.

శక్తి అనాలా, ఉత్పత్తి అనాలా?

2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం బయోఈ3 విధానాన్ని ఆమోదించాక గాలి కొంచెం మారింది. అందులోని ఆరు అంశాలలో మొదటి వరుసలోనే జీవాధారిత రసాయనాలు, బయోపాలిమర్లు, ఎంజైములు ఉన్నాయి. సముద్ర సంబంధ పరిశోధన మరొకటి. భీమవరం చుట్టుపక్కల రొయ్యల శుద్ధి కర్మాగారాల నుంచి వచ్చే పెంకులతో కైటోసాన్ అనే జీవాధారిత పదార్థం చేస్తానన్న మనిషికి పదేళ్ల కిందట సరైన గడి దొరకడం కష్టంగా ఉండేది. ఇప్పుడు గడి ఉంది.

అయితే గడి చూసి పేరు మార్చవద్దు. వరిగడ్డి ఇథనాల్ ప్రాజెక్టుకు చివర్లో "లిగ్నిన్ నుంచి విలువైన రసాయనాలు కూడా" అని ఒక వాక్యం అతికించి పంపుతారు. గడ్డికి గట్టిదనం ఇచ్చే ఆ లిగ్నిన్‌ను వేరు చేసే పరికరం బడ్జెట్‌లో ఉండదు, దాన్ని విశ్లేషించే ఖర్చు ఉండదు. నిపుణుడు ఆ వాక్యాన్ని చుట్టి పక్కన ప్రశ్నార్థకం పెడతాడు. శక్తికీ, ఉత్పత్తికీ ఒకే ముడి సరుకు కావచ్చు. టన్ను గడ్డిలో ఎంత దేనికి పోతుందో ఒక పట్టికగా రాసి, రెండింటికీ విడివిడిగా ఖర్చు చూపించగలిగితేనే రెండూ అడగండి. లేకపోతే ఒకటే అడగండి.

గడ్డికి ఒక క్యాలెండరు, ప్రభుత్వానికి ఒక క్యాలెండరు

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువ ప్రాజెక్టులు కుంటుపడేది ఇక్కడే.

ఒకసారి జీవసాంకేతిక శాస్త్రం బోధించే ఒక అమ్మాయి ప్రతిపాదన తెచ్చింది. వరిగడ్డిని ముందుగా క్షారంతో శుద్ధిచేసి, పేడతో కలిపి పులియబెట్టి మీథేన్ తీయడం అంశం. బాగా రాసింది. బడ్జెట్ పుటలో "ముడి పదార్థం: 5,000" అని ఉంది.

"అమ్మా, గడ్డి ఎక్కడ నుంచి తెస్తారు?"

"పక్క ఊళ్లో దొరుకుతుంది సార్. రైతులు ఊరికే ఇస్తామన్నారు."

"ఎప్పుడు ఇస్తారు?"

ఆమె ఆలోచనలో పడింది. నేను గోడ మీద క్యాలెండరు చూపించాను. సార్వా, అంటే ఖరీఫ్, కోతలు నవంబరు, డిసెంబరులో. మంజూరు ఉత్తర్వు ఆర్థిక సంవత్సరం చివర్లో, ఫిబ్రవరి మార్చి నెలల్లో చేతికి రావడం పరిపాటి. అప్పటికి సార్వా గడ్డి పశువుల కడుపులోనో, వామిలోనో ఉంటుంది. దాళ్వా, అంటే రబీ, గడ్డి ఏప్రిల్‌లో వస్తుంది, కానీ అప్పటికి మీ పరిశోధక విద్యార్థి నియామకం పూర్తి కాదు. అంటే మొదటి సంవత్సరం గడ్డి మీ కళ్ల ముందే వెళ్లిపోతుంది. మీరు మళ్లీ సార్వా కోసం ఎదురుచూస్తూ ఉంటే ఏడాది నివేదికలో రాయడానికి గ్రంథ సమీక్ష తప్ప ఏమీ ఉండదు.

దీనికి మందు సులువు. ప్రతిపాదన దాఖలు చేసిన ఏడాదే, సొంత డబ్బుతోనో విభాగం డబ్బుతోనో ఒక ట్రాక్టరు ట్రక్కు గడ్డి కట్టలు తెప్పించి, నేల తగలకుండా చెక్కల మీద పేర్చి, పైన టార్పాలిన్ కప్పి ఉంచండి. నెలకొకసారి తేమ కొలిచి పుస్తకంలో రాయండి. మంజూరు రాగానే పని మొదలవుతుంది. అంతేకాదు, ప్రతిపాదనలో "ప్రాథమిక ఫలితాలు" అన్న శీర్షిక కింద మీకు నిజమైన అంకెలు ఉంటాయి. ఆ అమ్మాయి అదే చేసింది. బడ్జెట్‌లో ముడి పదార్థం వరుస మారి కోత యంత్రం తర్వాత కట్టలు కట్టించే కూలి, ట్రక్కు కిరాయి, కాటా చార్జీ, నిల్వ అని నాలుగు వరుసలు అయింది. షెడ్డు కట్టడానికి అనుమతి రాదు, నిర్మాణ పనులకు చాలా పథకాలు డబ్బు ఇవ్వవు. కాబట్టి టార్పాలిన్, ఇనుప స్టాండు అని రాశాము.

ఇంకొక మాట. మన జిల్లాల్లో గడ్డి వృథాగా పడి ఉందని రాసే ముందు గేదెల్ని లెక్కపెట్టండి. ఉత్తర భారతంలో మాదిరి ఇక్కడ గడ్డి అంతా తగలబడదు. చాలా భాగం మేత. ఇస్రో వారి భువన్ వేదికలో జైవోర్జా అనే విభాగంలో మిగులు పంట అవశేషాల అంచనాలు దొరుకుతాయి; వాటిని వాడండి. వాడాక మీ మండలంలో నాలుగు ఊళ్లు తిరిగి, గడ్డి ధర ఏ నెలలో ఎంత ఉందో రాయండి. తెలంగాణ పత్తి జిల్లాల్లో పత్తి కట్టె సంగతి వేరు. దాన్ని పశువు ముట్టదు, రైతు పొలం ఖాళీ కావాలని చూస్తాడు. ఏలూరు వైపు పామాయిల్ గెలల వ్యర్థం మరో రకం. అది ఏడాది పొడవునా ఒకే చోట, మిల్లు దగ్గర, పోగవుతుంది. ముడి సరుకు ఒకే చోట పోగయ్యే ప్రాజెక్టుకు సగం తలనొప్పి ఉండదు.

బోయినపల్లి దీనికి మంచి ఉదాహరణ. సికింద్రాబాదు దగ్గరి ఆ కూరగాయల మార్కెట్‌లో రోజుకు సుమారు 10 టన్నుల వ్యర్థం వస్తుంది. హైదరాబాదులోని ఐఐసీటీ అనే కేంద్ర రసాయన పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సాంకేతికతతో, డీబీటీ డబ్బుతో, తెలంగాణ మార్కెటింగ్ శాఖ చేయూతతో అక్కడే ప్లాంటు పెట్టారు. దాని నుంచి రోజుకు 500 యూనిట్ల వరకు విద్యుత్తు, కొంత వంటగ్యాసు వస్తున్నాయని ప్రకటించారు. ఇక్కడ గమనించవలసింది యంత్రం ఒక్కటే కాదు. చెత్త ఎవరిదో, ఎక్కడ ఉందో, రోజూ వస్తుందో లేదో అనే ప్రశ్నకు మార్కెట్ యార్డు అనే జవాబు ముందే ఉంది.

నిపుణుడు వేసే లెక్క మీరే ముందు వేయండి

కమిటీలో కూర్చునేవారు కాగితం మూలన పెన్సిలుతో భాగహారం చేస్తారు. పానిపట్‌లో 2022 ఆగస్టు 10న ప్రారంభమైన ఇండియన్ ఆయిల్ ప్లాంటు ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడానికి కట్టింది. వ్యయం 900 కోట్ల పైమాట. భాగిస్తే టన్నుకు 150 లీటర్లు. గడ్డిలోని సెల్యులోజు, హెమీసెల్యులోజు మొత్తం చక్కెరగా మారి, చక్కెర మొత్తం ఇథనాల్‌గా మారితే సిద్ధాంతపరంగా టన్నుకు 400 లీటర్ల చుట్టుపక్కల వస్తుంది. ఇప్పుడు మీరు 350 లీటర్లు తీస్తానని రాస్తే నిపుణుడికి నవ్వు వస్తుంది. 180 అని రాసి, ఆ అదనపు 30 ఏ మార్పు వల్ల వస్తాయో చెబితే వింటాడు.

గ్యాసు లెక్క కూడా ఇలాగే. 100 కిలోల గడ్డిలో 12 శాతం తేమ తీసేస్తే 88 కిలోలు. వరిగడ్డిలో బూడిద ఎక్కువ, 15 శాతం అనుకుంటే మరో 13 కిలోలు పోయాయి. గ్యాసుగా మారగలిగిన భాగం సుమారు 75 కిలోలు. అందులోనూ లిగ్నిన్‌ను ఏ సూక్ష్మజీవీ సులువుగా తినదు. మీ దిగుబడిని 100 కిలోల మీద చెబుతున్నారా, 75 కిలోల మీద చెబుతున్నారా అన్నది మొదటి పట్టిక కిందే రాయండి. కిలో సీఓడీకి, అంటే సరుకును పూర్తిగా ఆక్సీకరించడానికి కావలసిన ఆక్సిజన్ లెక్కకు, 0.35 ఘనపు మీటర్ల మీథేన్ అనే గరిష్ఠ పరిమితిని దాటే అంకె మీ పట్టికలో ఎక్కడా కనబడకూడదు. కనబడుతుంది, నమ్మండి. చాలా పట్టికల్లో చూశాను.

ఆ బూడిదలో అధిక భాగం సిలికా. దానికి బడ్జెట్‌తో నేరుగా సంబంధం ఉంది: గడ్డి కత్తిరించే యంత్రం బ్లేడ్లు త్వరగా మొద్దుబారతాయి. యంత్రం ధర అందరూ రాస్తారు. ఏడాదికి సరిపడా బ్లేడ్లు రాసినవారిని చూస్తే నాకు ముచ్చట. వాయువుల పాళ్లు కొలిచే గ్యాస్ క్రోమటోగ్రాఫ్ రాస్తే దానికి వాహక వాయువు సిలిండర్లు, రెగ్యులేటరు, ప్రామాణిక వాయు మిశ్రమం రాయండి. రోజుల తరబడి ఒకే వేడిలో ఉండవలసిన వాటర్ బాత్ రాస్తే యూపీఎస్ రాయండి; కరెంటు పోతే పులిసే డబ్బాలకు మంచిచెడులు తెలియవు.

మనుషుల ఖర్చు అంకెలు మీ ఇష్టం కావు. నెట్, గేట్ వంటి జాతీయ పరీక్ష ద్వారా వచ్చిన జూనియర్ పరిశోధకుడికి, అంటే జేఆర్ఎఫ్‌కు 2023 జనవరి నుంచి నెలకు 37,000, రెండేళ్ల తర్వాత సీనియర్, అంటే ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000. ఇంటి అద్దె భత్యం అదనం. మూడేళ్ల ప్రాజెక్టుకు ఒక మనిషికి 4.44 లక్షలు, 4.44 లక్షలు, 5.04 లక్షలు, మొత్తం 13.92 లక్షలు అద్దె భత్యం కాకుండా. పాత రేటుతో రాసి పంపితే కమిటీ సరిదిద్దదు. మంజూరైన మొత్తంలోనే మీరు సర్దుకోవాలి. పరీక్ష లేనివారికి వేరే హోదా, తక్కువ మొత్తం ఉంటుంది. ఆ ప్రకటన చూసి రాయండి.

బడ్జెట్ గురించి కొందరు గొప్పగా చెప్పే చిట్కా ఒకటుంది: "ఎలాగూ కోస్తారు, రెట్టింపు అడగండి." నేను ఒప్పుకోను. రెట్టింపు అడిగిన ఫైలు చూడగానే కమిటీకి పరికరాల కోసం వచ్చిన మనిషి అని అనుమానం వస్తుంది. ప్రతి వరుసకు పక్కన ఒక వాక్యం సమర్థన, మూడు కొటేషన్లు, ఇప్పటికే మీ విభాగంలో ఉన్న పరికరాల జాబితా పెట్టండి. అప్పుడు కోత పడినా ఎక్కడ పడాలో మీరు చెప్పగలుగుతారు.

ఉత్తరాలు, అనుమతులు

రైతు ఉత్పత్తిదారుల సంఘమో, మిల్లు యజమానో ఇచ్చే మద్దతు లేఖలో "శుభాకాంక్షలు" ఉంటే పనికిరాదు. నెలకు ఎన్ని క్వింటాళ్లు, ఏ ధరకు, ఎన్నాళ్లు ఇస్తారో ఉండాలి. ప్రైవేటు కళాశాల అయితే ఎన్‌జీఓ దర్పణ్ పోర్టల్ నమోదు సంఖ్య, శాస్త్ర పరిశోధన సంస్థగా సీరో గుర్తింపు పత్రం ముందే సిద్ధం చేసుకోండి. చివరి వారంలో ఇవి దొరకవు. జన్యుమార్పిడి చేసిన ఈస్టునో బ్యాక్టీరియానో వాడితే సంస్థాగత జీవభద్రత కమిటీ ఆమోదం తప్పదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్లను సహ పరిశోధకులుగా చేర్చడం ఇప్పుడు రివాజైంది. మంచిదే. కానీ ఇక్కడి మట్టి నుంచి వేరుచేసిన సూక్ష్మజీవిని సంక్రాంతికి వచ్చిన ప్రొఫెసరుగారి సూట్‌కేసులో అమెరికా పంపకండి. 2002 జీవవైవిధ్య చట్టం ఉంది, జాతీయ జీవవైవిధ్య సంస్థ ఉంది; కాగితం ముందు, సీసా తర్వాత.

కమిటీ ముందు మాట్లాడేటప్పుడు దేశానికి జీవ ఇంధనాల అవసరం గురించి చెప్పకండి. వారు ఆ శాఖ వారే. మీ గడ్డి, మీ రియాక్టరు, మీ అంకెతో మొదలుపెట్టండి.

డబ్బు వచ్చాక

మంజూరు ఉత్తర్వు వచ్చిన రోజు మిఠాయి పంచండి, కానీ ముందు ఉత్తర్వు చివరి పుట చదవండి. షరతులు అక్కడే ఉంటాయి. డబ్బు ఏ హెడ్, అంటే ఏ ఖర్చు పద్దు, కింద వచ్చిందో ఆ హెడ్ కిందే ఖర్చు. కన్‌స్యూమబుల్స్ నుంచి ప్రయాణాలకు మార్చాలంటే ముందుగా అనుమతి. ఖర్చయ్యాక అడిగితే అది అనుమతి కాదు, క్షమాభిక్ష.

ఇప్పుడు కేంద్ర పథకాల డబ్బు చాలావరకు పీఎఫ్ఎంఎస్ అనే కేంద్ర చెల్లింపుల వ్యవస్థ ద్వారా సున్నా నిల్వ ఖాతాలకు పరిమితిగా వస్తుంది. ఖాతాలో సొమ్ము కనబడదు, ఖర్చు పెట్టే హక్కు కనబడుతుంది. మార్చి 31న మిగిలిన పరిమితి తనంతట తాను వచ్చే ఏడాదికి వెళుతుందని అనుకోకండి. జనవరిలోనే కొనుగోలు ఆర్డర్లు పంపి, బిల్లులు ఫిబ్రవరిలో అకౌంట్స్ విభాగం బల్ల మీద పెట్టండి. మార్చి మూడో వారంలో ఆ విభాగం గుమ్మం దగ్గర మీరు ఎవరికీ కనబడరు, అంత గుంపు.

కొనుగోళ్లలో 2025 జూన్ నుంచి కేంద్ర శాస్త్ర సంస్థలకు కొంత వెసులుబాటు వచ్చింది: కొటేషన్లు లేకుండా కొనే పరిమితి లక్ష నుంచి 2 లక్షలకు, కొనుగోలు కమిటీ పరిమితి 10 లక్షల నుంచి 25 లక్షలకు పెరిగింది. మీది రాష్ట్ర విశ్వవిద్యాలయమైతే మీ నియమాలు వేరు కావచ్చు. రిజిస్ట్రారు కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి.

గడ్డి కొన్న బిల్లు సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. రైతు దగ్గర జీఎస్‌టీ బిల్లు ఉండదు, ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో ఆయన ఉండడు. కాబట్టి చేతి రసీదు. తెల్ల కాగితం మీద రైతు పేరు, ఊరు, పొలం సర్వే నంబరు, గడ్డి రకం, కట్టల సంఖ్య, బరువు, రేటు, మొత్తం. కింద రైతు సంతకం లేదా వేలిముద్ర, ఒక సాక్షి సంతకం. మొత్తం 5,000 దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అతికించి దాని మీద సంతకం. వెనకాల కాటా చీటీ పిన్ను చేయండి, వీలైతే రైతు బ్యాంకు ఖాతాకే చెల్లించండి. ప్రధాన పరిశోధకుడు "సరుకు అందింది, నిల్వ పుస్తకం ఫలానా పుటలో నమోదైంది" అని రాసి తేదీతో సంతకం చేయాలి. ఇలా కట్టిన ఫైలు మీద ఆడిట్ అభ్యంతరం రావడం నేను చూడలేదు. "గడ్డి, రవాణా: 18,000" అని ఒక్క వరుస రాసిన ఫైళ్లు ఏళ్ల తరబడి తిరగడం చూశాను.

డబ్బు దేనికి వాడారో చెప్పే వినియోగ ధ్రువపత్రం కేంద్రం వారి 2017 సాధారణ ఆర్థిక నియమావళిలోని 12-ఏ నమూనాలో ఇవ్వాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక పన్నెండు నెలల గడువు ఉందని నియమం, కానీ రెండో విడత డబ్బు దీనికోసమే ఆగుతుంది కాబట్టి ఏప్రిల్‌లోనే చేయండి. గ్రాంటు మీద వడ్డీ వచ్చి ఉంటే అది మీది కాదు, విశ్వవిద్యాలయానిదీ కాదు. కేంద్ర ఖజానా అయిన భారత సంచిత నిధికి భారత్‌కోశ్ పోర్టల్ ద్వారా కట్టి చలానా జతచేయండి. పది రూపాయలైనా సరే. సాంకేతిక నివేదికలో ఏ లక్ష్యం తప్పిందో, ఎందుకో దాచకుండా రాయండి. దిగుబడి రాలేదన్నందుకు రెండో విడత ఆగిన సందర్భాలు అరుదు, లెక్క రాలేదన్నందుకు ఆగినవి కొల్లలు.

ప్రాజెక్టు ముగిశాక పరికరాల జాబితా పంపాలి. గడ్డి కత్తిరించే యంత్రాన్ని అమ్మాలన్నా, వేరే కళాశాలకు ఇవ్వాలన్నా డబ్బు ఇచ్చిన శాఖ అనుమతి ముందుగా కావాలి. అందుకే కొన్న రోజే ఆస్తుల రిజిస్టరులో దాని నంబరు పక్కన మంజూరు ఉత్తర్వు సంఖ్య, తేదీ రాయించి, అదే సంఖ్య యంత్రం మీద పెయింటుతో వేయించండి. స్టిక్కరు వద్దు, గడ్డి దుమ్ముకు ఊడిపోతుంది.